మొదటి బెంచీలో మొదటి మనిషి

"నొప్పంటున్నాడు సార్" అని హెడ్ నర్సు ఫోన్లో చెప్పిన మాట ఇంట్లో చెప్పులు వేసుకుంటున్నప్పుడు చాలా చిన్నది. కారు వీధి మలుపు తిరిగేసరికి కాస్త పెరిగింది. ఇప్పుడు రైలు గేటు దగ్గర, అడ్డంగా వాలిపోయిన ఎర్రచారల కర్ర ముందు ఇంజను ఆపేసి కూర్చున్న కంటి డాక్టరుకి పక్క సీటు నిండా అదే ఉంది. శుక్లం తీసి కంట్లో అద్దం పెట్టిన మర్నాడు దురద ఉండొచ్చు. ఇసక పడ్డట్టు గరగరలాడొచ్చు, నీరు కారొచ్చు, తల బరువెక్కొచ్చు. నొప్పి మాత్రం ఉండకూడదు. కొత్తగా చేరే కుర్ర డాక్టర్లకి ఆయన చెప్పే మొదటి మాట అదే: నొప్పన్నారంటే పరిగెత్తండి, కారణాలు తర్వాత వెతుక్కోవచ్చు. తను మాత్రం గేటు ముందు కూర్చుని కారణాలే వెతుక్కుంటున్నాడు. ఇంతకీ నొప్పన్నది ఎవరు? క్వారీ తాత. జీవితమంతా రాళ్ళు కొట్టిన ఆ ముసలాయన ఏది బాగుందన్నాడు గనక? పడక మెత్తగా ఉంటే నడుం పట్టేసిందంటాడు, గట్టిగా ఉంటే క్వారీయే నయమంటాడు. నిన్న బల్ల మీద పడుకోబెట్టి మొహాన పచ్చగుడ్డ కప్పుతుంటే "బతికుండగానే కప్పేస్తున్నారేంట్రా, కాస్త ఆగలేరూ" అన్నాడు, థియేటరంతా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు తల్చుకుంటే ఎందుకో బాగోలేదు. నిద్రలో కట్టు మీద చెయ్యేసి రుద్దుకుని ఉంటాడు. అంతే. రుద్దుకుని ఉంటాడు.

గేటు కాపలావాడు తన గది గుమ్మంలో నిలబడి తీరిగ్గా పళ్ళు తోముకుంటున్నాడు. ఎంతసేపని చేత్తో అడిగితే, ఎవరికి తెలుసన్నట్టు చెయ్యి తిప్పాడు. పట్టాలు రెండువైపులా మంచులోకి పోయి మాయమవుతున్నాయి. కూత లేదు, చప్పుడు లేదు. పాలడబ్బాల మోటారు సైకిలువాడు ఒంగి కర్ర కిందనుంచి దూరి వెళ్ళిపోయాడు. కారు దూరదు. అవతల, బీడు భూమి దాటాక ఆసుపత్రి నీళ్ళ ట్యాంకు, దాని మీద గీసిన పెద్ద కన్ను బొమ్మ మంచులోంచి సగం కనిపిస్తున్నాయి. పైరెప్ప వరకే కనిపిస్తోంది, కనుగుడ్డు లేదు. ఆ బొమ్మ గీయించమన్నది అక్క. "చదువు రానివాళ్ళు బోర్డేం చదువుతార్రా? అసలే చూపాననివాళ్ళాయె. కొండంత కన్ను గీయించు, వెంట వచ్చినవాళ్ళకి ఆమడ దూరాన్నుంచే తెలుస్తుంది" అంది. నిజంగానే కొండ ఊళ్ళనుంచీ, ఉప్పుమడులనుంచీ, క్వారీలనుంచీ ఆ కన్ను చూసే వస్తారు. ఆసుపత్రి పై అంతస్తులో ఇచ్చుకోగలిగినవాళ్ళు ఇచ్చినదానితో కింది అంతస్తులో ఇచ్చుకోలేనివాళ్ళకి చూపు. అదే కత్తి, అదే అద్దం, అదే డాక్టరు. పైన పరుపు, కింద చాప, తేడా అంతవరకే. బస్సు మనదే, రాను పోను. చూపొచ్చినవాడు పనికి పోతాడు, పనికి పోయినవాడి ఇంట్లో పొయ్యి రాజుకుంటుంది. ఇంత తేలికైన సంగతి జనానికి అర్థం చేయించడానికి తన జుట్టు తెల్లబడింది.

రెండు బల్లల డాక్టరు. కొండ ఊళ్ళలో తన పేరు అదే. థియేటర్లో రెండు బల్లలు పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో గిరగిర తిరిగే తన స్టూలు. ఈ బల్ల మీద కన్ను కోసి అద్దం పెట్టేలోపు ఆ బల్ల మీద ఇంకొకరిని పడుకోబెట్టి, మత్తు మందు వేసి, పచ్చగుడ్డ కప్పి, కన్ను ఒక్కటే బయటికి కనిపించేట్టు సర్దేస్తారు. తను స్టూలు మీద గిర్రున తిరుగుతాడు, మైక్రోస్కోపు తనతో పాటు తిరుగుతుంది, మళ్ళీ కన్ను. లేవడం లేదు, నడవడం లేదు, చేతులు ఊరికే ఉండటం లేదు. మొహాలుండవు. పచ్చటి గుడ్డలో గుండ్రటి చిల్లు, అందులో కన్ను. మొహాలు మర్నాడు పొద్దున, కట్లు విప్పేటప్పుడు చూస్తాడు. ఎవరు ముందు బల్ల ఎక్కితే వాళ్ళు ముందు బెంచీలో, ఆ వరసలోనే వరండాలో కూర్చోబెడతారు. ఒక్కో కట్టూ తనే విప్పుతాడు. కొత్త చూపుకి మొదట కనబడే మొహం తనది. ఒకాయన "ఇంత ముసలివాడివా బాబూ, గొంతు వింటే కుర్రాడనుకున్నా" అన్నాడు. ఇంకొకావిడ తన మొగుణ్ణి చూసి "ఈయనెవరు?" అంది, ఆయన నెలరోజులు అలిగాడట. ఆ వరండాలో పొద్దుటి పూట నవ్వులు, ఏడుపులు, పెద్ద సంతలా ఉంటుంది. ఈ రోజు కూడా అలాగే ఉంటుంది. ఎందుకుండదు?

ఫోను మోగింది. హెడ్ నర్సు.

"సార్, ఉప్పుమడుల నుంచి వచ్చిన భార్యాభర్తలిద్దరూ కూడా అంటున్నారు."

"ఏమని?"

"నొప్పనే సార్. ఆవిడకి వాంతి కూడా అయింది."

"ముందు తాత కట్టు విప్పు. విప్పి టార్చి వేసి చూసి చెప్పు."

"మీరు రాకుండానా సార్?"

"విప్పు సిస్టర్. లైన్లోనే ఉంటాను."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. ఫోన్లోంచి వరండా వినిపిస్తోంది: దగ్గులు, ఎవరిదో నవ్వు, బయట బస్సు ఇంజను గుడగుడ. ఎవరో ఆడమనిషి "నాది ఎప్పుడు విప్పుతారు?" అని అడుగుతోంది. తాత గొంతు, "మెల్లగా తల్లీ, మెల్లగా, అమ్మో." తర్వాత ఏమీ లేదు. నర్సు మళ్ళీ ఫోను తీసిందని ఊపిరిని బట్టి తెలిసింది.

"ఎర్రగా ఉందా?" అన్నాడు.

"ఎరుపు కాదు సార్. నల్లగుడ్డు ముందు అడుగున తెల్లగా నిలబడి ఉంది. తెల్ల దారం పరిచినట్టు."

తెల్ల దారం. కంటి లోపల చీము ముందు అలాగే కనిపిస్తుంది. నీళ్ళ గ్లాసులో అడుక్కి దిగిన పిండిలా, సన్నగా, తిన్నగా. పొద్దున దారమంత ఉన్నది సాయంత్రానికి కన్నంతా నిండుతుంది. మందు తిన్నగా కంటి లోపలికే ఎక్కించాలి, అదీ ఇప్పుడే, ఈ పూటే. గంట ఆలస్యమైతే గంటంత చూపు పోతుంది. ఒక్కరికైతే దురదృష్టం అనుకోవచ్చు. ముగ్గురికైతే, ఇది వాళ్ళ కళ్ళలో పుట్టింది కాదు. మనం పెట్టింది. "బస్సు కదలనివ్వకు" అన్నాడు. కట్లు విప్పగానే బస్సెక్కి వెళ్ళిపోతారు, బస్సు దిగాక కాలిబాటలు, ఆ బాటల చివర ఫోను పలకని ఊళ్ళు. ఒక్కసారి కొండెక్కారంటే మళ్ళీ ఎవరు దొరుకుతారు? చాప మీద పడుకుని, ఆపరేషనన్నాక నొప్పుండదా అని ఓర్చుకుంటారు. ఓర్చుకోవడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు.

"బస్సు డ్రైవరు గోల పెడుతున్నాడు సార్. ఇంకో ట్రిప్పు ఉందట. ఇంజను ఆపమంటే ఆపడు. బ్యాటరీ పోయిందట, ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదట."

"ఆపకపోతే ఆపకపోనీ, కదలకూడదంతే. ఫ్రిజ్‌లో మందు సీసాలన్నీ బయటపెట్టు. పెద్దాసుపత్రికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఇంకా మందు కావాలని చెప్పు. ఆటోక్లేవ్ పెట్టు. మొదట్నుంచి పెట్టు సిస్టర్, పూర్తిగా."

పూర్తిగా అన్న మాట ఇద్దరికీ ఒకేచోట తగిలింది. "అలాగే సార్" అని ఆవిడ పెట్టేసింది.

రైలు రాలేదు. కాపలావాడు నోరు పుక్కిలించి ఉమ్మాడు, చెంబు బోర్లించాడు, లోపలికెళ్ళాడు. పూర్తిగా. నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు పోయింది. పోతే ఏమవుతుంది? జనరేటరు ఉంది, దీపాలు వెలిగాయి, మైక్రోస్కోపు వెలిగింది. కానీ కత్తులూ చిమటాలూ ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవ్ జనరేటరు మీద నడవదు. అదీ నడవాలంటే ఇంకా పెద్ద జనరేటరు కావాలి. అందరూ అడిగారు. కొందామన్నారు. తనే వద్దన్నాడు. ఆయన లెక్కలన్నీ కళ్ళలోనే సాగుతాయి. కుర్చీ కొంటే ఒక కన్ను తగ్గుతుంది, గోడకి రంగేస్తే ఒక ఊరి కళ్ళు తగ్గుతాయి, జనరేటరు కొంటే ఒక కొండే చీకట్లో ఉండిపోతుంది. అంత మంచి లెక్క. కరెంటు వచ్చాక ఆటోక్లేవ్ మూత తెరిచారు. సామాను మూటల మీద అంటించే టేపు ఉంటుంది, వేడి సరిపోతే దాని మీద గీతలు నల్లబడతాయి. హెడ్ నర్సు మూట చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "మధ్యలో ఆగింది సార్, మళ్ళీ మొదట్నుంచి పెట్టమంటారా?" తను స్టూలు మీద కూర్చునే ఉన్నాడు, చేతులు గాల్లో ఉన్నాయి, రెండు బల్లల మీదా మనుషులు పడుకుని ఉన్నారు, మత్తు మందు వేసి ఉంది, తిరిగిపోతే మళ్ళీ వెయ్యాలి. బయట బెంచీల మీద ఇంకా అంతమంది. "టేపెలా ఉంది?" అన్నాడు. "నల్లబడినట్టే ఉంది సార్" అంది. ఇలా తెమ్మన్నాడు. చూశాడు. గోధుమరంగు. కాదు, నలుపు. కాదు, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే గోధుమరంగే కనిపిస్తోంది, కాచిన టీ రంగు. నిన్న చూసినప్పుడు మాత్రం నలుపే. నలుపు కావాలి గనక నలుపు. "నల్లబడిందిగా, కానివ్వండి" అన్నాడు. గిర్రున తిరిగాడు.

అయితే ఇదంతా భోజనాల తర్వాత సంగతి. పొద్దుటివాళ్ళకి ఏమీ కాదు. పొద్దుటి మూటలు అంతకుముందే పూర్తిగా ఉడికినవి. ఈ మాట తట్టగానే ఆయన గుండెలోంచి వెచ్చగా ఏదో కిందికి దిగింది. ఆ వెచ్చదనానికి సిగ్గేసింది, అయినా పోనివ్వలేదు. అక్క ఆపరేషను పొద్దున్నే అయిపోయింది. మొదటి బల్ల, మొదటి మనిషి. అక్కకి పనిచేసేది ఒక్క కన్నే, ఒంటికన్నువాళ్ళకి మొదటి మూట విప్పాలన్నది ఈ ఆసుపత్రిలో తను పెట్టిన కట్టుబాటు. తమ్ముడు డాక్టరని కాదు, ఒంటికన్నని. పై అంతస్తులో గది ఇస్తానంటే "ఎందుకు, అక్కడ పడుకుంటే రెండో కన్ను మొలుస్తుందా?" అంది. చాప మీదే పడుకుంది. తన కోసం ప్రత్యేకం ఏదీ వద్దంది, ఆ ఒక్క కట్టుబాటుకి మాత్రం సరేనంది. తలూపింది. నిన్న పొద్దున తను థియేటర్లోకి వెళ్ళేటప్పుడు బయట మొదటి బెంచీలో మొదటి మనిషిగా కూర్చుని ఉంది. కళ్ళారా చూశాడు. "సూదీ దారం తెచ్చుకున్నాన్రా, రేపు కట్టు విప్పగానే నీ ముందే ఎక్కించి చూపిస్తా" అని చీరకొంగు ముడి చూపించింది. ఆ మొదటి కన్ను ఎంత చక్కగా వచ్చిందో. శుక్లం వెన్నలా జారి వచ్చేసింది. చివర్లో పచ్చగుడ్డ కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి తన మోచేతిని తడిమింది, నర్సు లోపల పెట్టేసింది. సన్నగా, ఎండిపోయిన చెయ్యి.

అక్క చెయ్యి లావు. కుట్టుమిషను తిప్పే చెయ్యి.

ఆయన ఆ ఆలోచనని కారు అద్దం మీద ఈగని తోలినట్టు తోలేశాడు. ఇదిగో, పట్టాలు సన్నగా వణుకుతున్నాయి, రైలొస్తోంది. అక్క మిషను కూడా ఇలాగే వణికేది, ముందు గదిలో, గోడంతా గుడుగుడుమంటూ. ఆ చప్పుడు కింద కూర్చుని తను చదివాడు. ఆ మిషను సూది విరిగి ఎగిరి అక్క కంట్లో పడిన రోజు తను గుమ్మంలో ఉన్నాడు. అక్క అరవలేదు. చేత్తో కన్ను మూసుకుని "ఏం లేదురా, నువ్వు చదువుకో" అంది. బండి కుదిరి, నాన్న చేతికి నాలుగు డబ్బులంది, ఆసుపత్రికి చేరేసరికి అక్కడి డాక్టరు టార్చి వేసి చూసి, "కాస్త ముందు తెచ్చుంటే" అన్నాడు. అంతే అన్నాడు, ఆ రెండు ముక్కల్లో తను డాక్టరయ్యాడు. ఆ తర్వాత ఒంటికన్నుతోనే కుట్టింది. తను కాలేజీలో చేరడానికి వెళ్ళే ముందు రోజు చొక్కా కుడుతుంటే సూది గోట్లోంచి దిగి అవతలికి వచ్చింది. "ఏం లేదు" అంది, వేలికి గుడ్డ చుట్టుకుని కాలరు పూర్తిచేసింది. కాలరు లోపలివైపు చిన్న ఎర్ర చుక్క ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. అక్క ఏం లేదంటే అన్నీ ఉన్నాయని. చిన్నప్పుడు, తమ్ముడికి భయమేసినప్పుడల్లా, ఆ మంచి కన్ను దగ్గరికి తెచ్చి "ఇందులో చూడు, నువ్వే ఉన్నావు" అనేది. చూసేవాడు. బుల్లి తను. ఆ తను పక్కన, గోధుమరంగు గుడ్డులో కింద ఎడమవైపు, నువ్వుగింజంత నల్లమచ్చ.

నిన్న మధ్యాహ్నం ఆ మచ్చ చూశాడు.

లేదు. చూడలేదు. చూశాడు. కరెంటు వచ్చాక, టేపు చూశాక, చాలాసేపటికి, పొద్దు వాలుతుండగా. గిర్రున తిరిగాడు, మైక్రోస్కోపు సర్దాడు, గుండ్రటి చిల్లులో గోధుమరంగు, కింద ఎడమవైపు నువ్వుగింజ. చెయ్యి ఆగింది. రెప్పపాటు. ఈ మచ్చ ఎక్కడో చూశానే అనుకున్నాడు, ఇలాంటివి వెయ్యి చూసుంటాను అనుకున్నాడు, అక్కది పొద్దున్నే అయిపోయిందిగా అనుకున్నాడు. అవతలి బల్ల మీద "సిద్ధం సార్" అన్నారు. కోశాడు. ఆ కన్ను కదల్లేదు, బెదరలేదు, ఒక్క నిట్టూర్పు లేదు. "ఈవిడ బాగా ఓర్చుకుంటోంది" అని మెచ్చుకున్నాడు కూడా. గుడ్డ కింద ఆ మనిషి నవ్వి ఉంటుంది. మాట్లాడితే తమ్ముడి చెయ్యి వణుకుతుందని నోరు మూసుకుని ఉంటుంది.

కాదు కాదు. మచ్చలు చాలామందికి ఉంటాయి. ఫోను తీశాడు, ఎదురుగా గూడ్సు బండి మంచుని చీల్చుకుని వచ్చేసింది, భూమి అదిరింది. నొక్కబోయి ఆగాడు. అడగకపోతే అక్క ఇంకా మొదటి బెంచీలోనే ఉంటుంది. అడిగితే ఎక్కడుందో తెలిసిపోతుంది. డబ్బా తర్వాత డబ్బా, నల్లటి డబ్బాలు, గోధుమరంగు డబ్బాలు, బొగ్గు, ఇనుము, తలుపులు మూసినవి, తలుపులు లేనివి. చివరి డబ్బా అంటూ ఉందో లేదో. ఫోను అదే మోగింది.

రైలు చప్పుడుకి చెవికి అదిమిపెట్టుకుని "ఆ" అన్నాడు.

"మందు సీసాలు బయటపెట్టాను సార్, బల్లలు కడిగించాను. ఇంకో ఇద్దరంటున్నారు నొప్పని. అందరూ చివరి బెంచీలవాళ్ళే." ఆవిడ గొంతులో ఏడుపు అడుక్కి దిగి ఉంది. తనకోసమో ఏమో, తీపిగా ఓ మాట కలిపింది. "మొదటి బెంచీ అంతా బావున్నారు సార్. మేకలమ్మయితే కట్టు కిందనుంచే వెలుగొస్తోందట, ఇక మేకలు తనని గుర్తుపట్టడమే కాదు, తనూ మేకల్ని గుర్తుపడతానని ఒకటే గంతులు."

ఎండిపోయిన సన్నటి చెయ్యి.

"మేకలమ్మ మొదటి బెంచీలో ఎన్నో మనిషి?"

"మొదటి మనిషే సార్."

రైలు పోతూనే ఉంది.

"మా అక్కేది?"

"అక్కగారా?" అంది నర్సు, ఆయనకి తెలియకపోవడమేమిటన్నట్టు. "చివరి బెంచీలో సార్. నిన్న మేకలమ్మ భయంతో వణికిపోయి పారిపోతానంటుంటే, నువ్వెళ్ళవే ముందు, అవగానే తెలుస్తుంది ఏం లేదని, అని తన చోటు ఇచ్చేశారు. ఆ తర్వాత భయపడ్డవాళ్ళందరికీ అలాగే చోటిస్తూ, చేతులు పట్టుకుని కూర్చుంటూ... వెనక్కి వెనక్కి జరిగారు సార్. నేను అడిగాను. డాక్టరుకి చెప్పానులే, వాడు సరేనన్నాడు అన్నారు. మీకు చెప్పలేదా సార్?"

"నొప్పేమన్నా అంటోందా?"

"లేదు సార్. ఇందాకే అడిగాను. ఏం లేదన్నారు."

చివరి డబ్బా వెళ్ళిపోయింది. వెనక ఎర్రదీపం మంచులో కాసేపు ఊగి ఆరిపోయింది. కర్ర లేచింది. వెనక ఎవరో హారను కొడుతున్నారు, డాక్టరు కాళ్ళకి ఏది బ్రేకో ఏది కాదో ఒక్క క్షణం తెలియలేదు. తర్వాత కారు తనంతట తనే పోతున్నట్టు పోయింది, పట్టాల మీద ఎగిరిపడి, బీడు భూమి పక్కన, గోతుల్లోంచి. ఎదురుగా ట్యాంకు మీద కన్ను పెద్దదవుతోంది. మంచు విడుతోంది, రెప్ప కింద గుడ్డు తేలుతోంది. చాలాకాలంగా రంగు వెయ్యలేదు, గుడ్డు అడుగున సున్నం పెచ్చులూడి తెల్లటి చార. ఏడాదిగా చూస్తూనే ఉన్నాడు. రంగేస్తే ఒక ఊరి కళ్ళు తగ్గుతాయని వద్దన్నాడు. ఏం లేదు, ఏం లేదు, ఏం లేదని చక్రాలు అంటున్నాయి. ఒంటికన్నువాళ్ళు ముందు. మందు ముందు ఎవరికి? ఒంటికన్నువాళ్ళకే. కట్టుబాటు అదే. ఇప్పుడు పాటిస్తే మాత్రం బెంచీల మీదున్నవాళ్ళు ఏమనుకుంటారు? తన రక్తం గనక ముందనుకుంటారు. అనుకోనీ. నిన్నంతా అక్క వెనక్కి జరిగింది, ఇవాళ జరగనివ్వడు.

బస్సు ఆసుపత్రి గేటుకి అడ్డంగా నిలబడి గుడగుడలాడుతోంది, పొగ వరండాలోకి పోతోంది. డ్రైవరు తల బయటికి పెట్టి "ఏంటి సార్ ఇది, నా కొంప ముంచుతున్నారు, ఆపితే మళ్ళీ తోయడానికి మీరొస్తారా?" అని అరిచాడు. ఆయన వినిపించుకోలేదు. వరండాలో ఎప్పటిలాగే బెంచీలు, ఎప్పటిలాగే కట్లు, తెల్లటి కట్లు కట్టిన మొహాలన్నీ కారు చప్పుడుకి ఒక్కసారిగా ఇటు తిరిగాయి. మొదటి బెంచీలోంచి మేకలమ్మ "వచ్చాడు రెండు బల్లల డాక్టరు! నాది ముందు విప్పు నాయనా, నేనే కదా ముందెక్కింది" అంది. ముందు బెంచీలవాళ్ళు నవ్వారు. చివరి బెంచీలు నవ్వలేదు. క్వారీ తాత మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉన్నాడు, ఉప్పుమడులావిడ మొగుడి భుజం మీద వాలి ఉంది. నవ్వుకీ నిశ్శబ్దానికీ మధ్య ఎవరో గీత గీసినట్టుంది, భోజనాల వేళ దగ్గర. ఆ గీత దాటి, ఒక్కొక్కరినీ దాటి, చివరి బెంచీ చివరకొచ్చాడు.

అక్క వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఒళ్ళో చేతులు, చేతుల్లో సూది, దారపుండ. అడుగుల చప్పుడు పట్టి "ఏరా, ముందు వాళ్ళనొదిలేసి నా దగ్గరికొచ్చావేం?" అంది. "వరస ప్రకారం రా. అందరూ వింటున్నారు."

"నిన్న వరస తప్పించింది ఎవరక్కా?"

"అబ్బో, కనిపెట్టేశావూ? నీ కంట నా మచ్చ పడితే పోల్చుకుంటావేమో అనుకున్నా. 'బాగా ఓర్చుకుంటోంది' అని మెచ్చుకుంటివి." నవ్వింది. నవ్వు సగంలో పెదవి బిగిసింది. ఆ బిగింపు ఆయనకి తెలుసు. కాలరు కుట్టేటప్పటి బిగింపు.

"నొప్పుందా?"

"ఏం లేదు."

హెడ్ నర్సు పళ్ళెంలో మందు సీసా, సూది పట్టుకుని వెనకే వచ్చి నిలబడింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కట్టు అంచు పట్టి మెల్లగా లాగాడు. అక్క చుబుకం ఎత్తి, బుద్ధిమంతురాలిలా, సూది ఒక చేత్తో దారం ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది. దూది తడిగా ఉంది. తుడిచాడు. రెప్పలు వాచి, అతుక్కుని, బరువుగా తెరుచుకున్నాయి. టార్చి నొక్కాడు, తిన్నగా గుడ్డులోకి పట్టాడు. చిన్నప్పటి గోధుమరంగు మసకబారి ఉంది. నువ్వుగింజ మచ్చ కనిపించలేదు. అది ఉండాల్సిన చోటుని కప్పేస్తూ అడుగున తెల్లగా, సన్నగా, తిన్నగా.

చేతిలో దారం సూది చుట్టూ గాల్లో వెతుకుతోంది.

బయట డ్రైవరు విసిగిపోయినట్టున్నాడు, బస్సు ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. వరండా అంతా నిశ్శబ్దమైపోయింది.

"ఏరా, చీకట్లో ఏం చూస్తావు?" అంది అక్క. "టార్చి వెయ్యి."